నుజ్జయిన బండికి ధర కట్టడం ఎలా

పెద్ద యాక్సిడెంట్ అయిన బండికి మొదటి రోజు చెప్పే ధరను పట్టించుకోకండి. క్రేన్‌తో వచ్చిన మనిషి ఒక రేటు చెబుతాడు. షెడ్డు దగ్గర ఇంకొకరు ఇంకో రేటు చెబుతారు. సాయంత్రానికి బ్రోకర్ ఫోన్ చేసి ఇవ్వాళే నగదు ఇస్తానంటాడు. బండి ఓనరేమో ఆస్పత్రి దగ్గరో పోలీస్ స్టేషన్ దగ్గరో తిరుగుతుంటాడు, పీడ వదిలితే చాలని తల ఊపేస్తాడు. రెండు మూడు రోజులు ఓపిక పట్టి లెక్క వేసుకుంటే అదే బండికి వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో తేడా వస్తుంది.

లెక్కకు మూడు అంకెలు కావాలి. యాక్సిడెంట్‌కు ముందు రోజు ఆ బండి ఎంతకు అమ్ముడుపోయేదో మొదటిది. మళ్ళీ రోడ్డెక్కించడానికి ఎంత అవుతుందో రెండోది. విప్పి ముక్కలుగా అమ్మితే ఎంత వస్తుందో మూడోది. ఈ మూడూ కాగితం మీద పడేవరకూ ఎవరికీ మాట ఇవ్వకండి. ముందు కారు సంగతి చెప్పి, లారీ, ట్రాక్టర్, బైకుల దగ్గర మారే విషయాలు చివర్లో చెబుతాను.

మొదటి రోజు చేయాల్సింది

బండిని స్టార్ట్ చేసి చూడాలన్న ఆశ వదులుకోండి. రేడియేటర్ పగిలి ఉంటే రెండు మూడు నిమిషాలకే ఇంజన్ వేడెక్కి హెడ్ పోతుంది. ఆయిల్ సంపు పగిలి ఉంటే బేరింగులు పట్టేస్తాయి. బతికున్న ఇంజన్, గేర్‌బాక్సే పాడైన బండిలో అన్నిటికంటే విలువైన ముక్క. దాన్ని మన చేతులారా చంపుకోకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, అంతే.

జాతీయ రహదారి మీదయితే 1033కు ఫోన్ చేస్తే హైవే క్రేన్ వస్తుంది. బండిని కదిలించకముందే ఫోటోలు తీసుకోండి. నాలుగు మూలల నుంచి నంబరు ప్లేటు కనపడేలా ఒక్కొక్కటి, చాసిస్ నంబరు, మీటరు రీడింగు, ఇంజన్ గది, డ్యాష్‌బోర్డు, డిక్కీ, నాలుగు టైర్లు, స్టెప్నీ. తర్వాత ఒక కాగితం మీద సామాను జాబితా రాయండి: బ్యాటరీ కంపెనీ, దాని సీరియల్ నంబరు, టైర్ల మీది నంబర్లు, మ్యూజిక్ సిస్టం, జాకీ, స్పానర్, అల్లాయ్ చక్రాలు. బండి షెడ్డులోకి వెళ్ళినా, స్టేషన్ ఆవరణలో నిలబడినా ఆ జాబితా మీద తీసుకున్నవాళ్ళ సంతకం ఉండాలి. నెలల తరబడి ఎండలో నిలిచిన బండ్లలో ముందు మాయమయ్యేవి బ్యాటరీ, స్టెప్నీలే. కేసు నమోదైతే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్టు రాసేవరకూ ఏ భాగమూ విప్పకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు తెలియజేసి, నష్టం లెక్కకట్టే వాళ్ళ సర్వేయర్ చూసేదాకా కూడా అలాగే ఉంచాలి. విప్పిన బండిని చూసి సర్వేయర్ ఏదీ ఒప్పుకోడు, అందులో తప్పు పట్టడానికీ లేదు.

షెడ్డు వాళ్ళు పార్కింగ్ అద్దె ఎప్పటినుంచి, రోజుకెంత వేస్తారో మొదటి రోజే అడిగి రాయించుకోండి. తేలకుండా నెలన్నర నానిన క్లెయిముల్లో ఈ అద్దే ఇంజన్ ధరను మింగేసిన సందర్భాలుంటాయి.

మొదటి అంకె: యాక్సిడెంట్‌కు ముందటి ధర

పాలసీ కాగితం మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. అది బజారు ధర కాదు, పాలసీ తీసుకున్న రోజు మీరూ కంపెనీ ఒప్పుకున్న ధర. కంపెనీ ప్రకటించిన ఆ మోడల్ అమ్మకపు ధరలోంచి వయసును బట్టి తరుగు తీసి దాన్ని కడతారు. 6 నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం. అయిదేళ్ళు దాటాక ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకున్నదే లెక్క. బండి పూర్తిగా పోయినట్టు తేల్చినప్పుడు పాలసీ కాలమంతా ఈ ఐడీవీనే బజారు ధరగా భావించాలి. యాక్సిడెంట్ పదకొండో నెలలో జరిగిందని మళ్ళీ తరుగు తీయడం కుదరదు. ఎవరైనా అలా తీస్తుంటే పాలసీ కాగితంలోని ఆ షరతు చూపించండి.

బజారు ధర వేరేగా కట్టుకోవాలి. అదే మోడల్, అదే వేరియంట్, అదే ఇంధనం, దగ్గర దగ్గర కిలోమీటర్లు ఉన్న ఏడెనిమిది బండ్ల అమ్మకపు ప్రకటనలు చూడండి. ప్రకటనలో అడిగే ధరకూ బేరం తెగే ధరకూ మధ్య 5 నుంచి 10 శాతం తేడా ఉంటుంది, దాన్ని తీసేయండి. తయారీ సంవత్సరం చూడండి, రిజిస్ట్రేషన్ సంవత్సరం కాదు. డిసెంబరులో తయారై ఫిబ్రవరిలో రిజిస్టర్ అయిన బండిని కొనేవాడు ఒక ఏడాది పాతదిగానే లెక్కేస్తాడు. ఎన్నో ఓనరు అన్నది కూడా ధరను కదిలిస్తుంది.

మన రాయలసీమ వైపు ఇంకో మెలిక ఉంది. అనంతపురానికి బెంగళూరు, కర్నూలుకు హైదరాబాదు దగ్గర కావడంతో కర్ణాటక, తెలంగాణ నంబర్ల బండ్లు ఇక్కడ చాలా తిరుగుతుంటాయి. ఆ నగరాల ప్రకటనల్లో కనిపించే ధరలు ఇక్కడికన్నా తక్కువగా ఉండొచ్చు, కానీ అక్కడి బండిని ఇక్కడికి మార్చాలంటే అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఆంధ్రప్రదేశ్ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, రీ-రిజిస్ట్రేషన్ చేయించాలి. మీ బండి పాత ఏపీ 02, ఏపీ 04, ఏపీ 21 నంబరుదో, 2019 నుంచి వచ్చిన ఏపీ 39దో అయితే బెంగళూరు ధరతో పోల్చి తగ్గించుకోనక్కర్లేదు. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవాటి ధర తగ్గితే పాతవాటి ధరా దిగుతుంది. కాబట్టి ఆ తేదీకి ముందటి అమ్మకాలను ఆధారంగా తీసుకోకండి.

రెండో అంకె: దెబ్బ ఎక్కడిదాకా వెళ్ళింది

ధర అసలు తేలేది ఇక్కడే. బయటికి ఘోరంగా కనిపించే బండి లోపల బాగుండొచ్చు. బంపరు మాత్రమే పోయినట్టు కనిపించే బండి చాసిస్ వంగి ఉండొచ్చు. బానెట్, డోర్లు, ఫెండర్లు, బంపర్లు, లైట్లు బోల్టులు విప్పి మార్చేసేవి. వాటి ధర కంటికి కనిపిస్తుంది, లెక్క సులువు. వెల్డింగ్‌తో కలిసిపోయిన భాగాలే ప్రమాదం: ముందు లాంగ్ మెంబర్లు (ఇంజన్‌కు రెండు పక్కలా ముందుకు సాగే దూలాలు), ఆప్రాన్లు (ఇంజన్ గది పక్క గోడలు), పిల్లర్లు (రూఫును మోసే స్తంభాలు), ఫ్లోర్, రూఫ్.

చూసే వరుస ఇలా ఉండాలి. బండిని లిఫ్టు మీద గానీ గుంత మీద గానీ ఎక్కించి కింది నుంచి మొదలుపెట్టండి. రెండు లాంగ్ మెంబర్ల మీద ముడతలు ఉన్నాయా, పెయింటు పెచ్చులు లేచాయా, సీలెంట్ చీలిందా చూడండి. లోహం వంగినచోట పెయింటు ముందు చెబుతుంది. తర్వాత సబ్‌ఫ్రేమ్ (ఇంజన్, సస్పెన్షన్ బిగించే కింది చట్రం), దాని బోల్టుల చోట్లు, స్టీరింగ్ ర్యాక్, లోయర్ ఆర్మ్‌లు. ఆ తర్వాత పైకి వచ్చి స్ట్రట్లు (ముందు చక్రాల షాక్ అబ్జార్బర్లు) బిగించే ఆప్రాన్ల పైభాగం. అక్కడినుంచి ఏ-పిల్లర్ (ముందు అద్దం పక్క స్తంభం), డోర్ల గ్యాపులు.

టేపు పట్టి కొలిస్తే ఎవరి మాటా వినాల్సిన పని లేదు. చక్రాలు నిటారుగా పెట్టి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు రెండు వైపులా కొలవండి. రెండింటికీ 10 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే సస్పెన్షన్ గానీ చాసిస్ గానీ కదిలినట్టే. ఇంజన్ గదిలో ఎడమ స్ట్రట్ పైబోల్టు నుంచి కుడి హెడ్‌లైట్ బ్రాకెట్ వరకు, మళ్ళీ కుడి నుంచి ఎడమకు కొలవండి. ఈ ఐమూల కొలతలు రెండూ 3, 4 మిల్లీమీటర్ల లోపు కలవాలి. డోరు తెరిచి వేసినప్పుడు కిందికి జారుతున్నా, పైకి ఎత్తి వేయాల్సి వస్తున్నా పిల్లర్ కదిలిందని అర్థం. పిల్లర్ కోసి అతికించిన బండికి ఎంత బాగా పెయింటు వేసినా తర్వాత కొనేవాడు పట్టేస్తాడు.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే ఖర్చు ఒక్కసారిగా లేస్తుంది. బ్యాగులు మారిస్తే సరిపోదు. వాటితో పాటు డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ కింది క్లాక్ స్ప్రింగ్, ముందు సీటు బెల్టులు, క్రాష్ సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ కూడా బిల్లులోకి వస్తాయి. దెబ్బ తగలగానే బెల్టును బిగించే ప్రీటెన్షనర్ ఒకసారి పేలితే మళ్ళీ పనిచేయదు. బెల్టు లాగితే రాకుండా బిగుసుకుపోయి ఉంటే అది పేలినట్టే. కొందరు షెడ్డులో బ్యాగులు పెట్టకుండా కవరు అతికించి, హెచ్చరిక లైటు రాకుండా రెసిస్టర్ పెట్టి ఇస్తారు. అలా చేస్తే ఖర్చు తగ్గుతుంది, కానీ ఆ బండెక్కే కుటుంబాన్ని మోసం చేసినట్టు. ఆ పద్ధతిలో తగ్గించిన ఎస్టిమేట్‌ను అసలు లెక్కలోకే తీసుకోకండి. తెరుచుకోని ఎయిర్‌బ్యాగును ఇంట్లో విప్పే ప్రయత్నం కూడా చేయొద్దు, అందులో పేలే మందు ఉంటుంది.

పల్టీ కొట్టిన బండ్లు మన హైవేల మీద ఎక్కువ. ఎండాకాలం గాలి సరిగా లేని టైరు పేలి డివైడర్ ఎక్కడం అందులో ఒక కారణం. పల్టీ కొడితే రూఫు, మూడు జతల పిల్లర్లు, అద్దాలన్నీ చూడాలి. ఇంజన్ తలకిందులుగా ఆగకుండా తిరిగి ఉంటే ఆయిల్ అందక లోపల పట్టేసి ఉంటుంది. సిలిండర్లలోకి ఆయిల్ దిగి ఉంటుంది కూడా. ప్లగ్గులు విప్పి చేత్తో తిప్పి చూసేదాకా ఆ ఇంజన్‌కు ధర వేయకండి.

నీళ్ళలో మునిగిన బండి వేరే జాతి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు పల్లెల మీద పడినప్పుడు ఇలాంటి బండ్లు చాలా మిగిలాయి. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అదే ధర. కార్పెట్ వరకే అయితే శుభ్రం చేసి ఆరబెడితే సరిపోవచ్చు. సీటు ఎత్తు దాటితే వైరింగ్ కనెక్టర్లు, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ పోతాయి. డ్యాష్‌బోర్డు మునిగితే విడిభాగాల ధరకే చూడండి. సీటు బెల్టును చివరి వరకు లాగితే బురద గీత కనిపిస్తుంది, ఎంత కడిగినా అది పోదు. నీళ్ళు మింగిన ఇంజన్‌ను సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజన్ కోసం అదనపు కవరు తీసుకోకపోతే ఆ నష్టాన్ని మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు. నిప్పంటుకున్న బండి గురించి చెప్పాల్సింది తక్కువ. మంట డ్యాష్‌బోర్డు దాటి క్యాబిన్‌లోకి వస్తే తూకానికే.

ఎస్టిమేట్ రాయించడం

రెండు ఎస్టిమేట్లు తెచ్చుకోండి. ఒకటి కంపెనీ సర్వీస్ సెంటర్‌ది, ఇంకోటి బయటి షెడ్డుది. ఇన్సూరెన్స్‌కు మొదటిది అవసరం, మీ సొంత లెక్కకు రెండోది. భాగాలు, టింకరింగ్ కూలి, పెయింటు, జీఎస్టీ వేరు వేరుగా రాయమనండి. గుత్తగా రాసిచ్చే ఎస్టిమేట్‌లో ఏది మరిచిపోయారో కనిపించదు. తరచూ మరిచిపోయేవి: రేడియేటర్, కండెన్సర్, ఫ్యాన్, ఏసీ గ్యాసు, ఇంజన్ మౌంటింగులు, వీల్ అలైన్‌మెంట్, చిన్న క్లిప్పులు, వైరింగ్ హార్నెస్. ఇవి చిన్నవే, కానీ పెద్ద దెబ్బలో అన్నీ కలిసి వస్తాయి.

విప్పకముందు రాసిన ఎస్టిమేట్ మీద ముందు వైపు దెబ్బకు కనీసం 15 శాతం, పల్టీకి 25 శాతం పెంచి చూసుకోండి. విప్పాక పెరగడమే తప్ప తగ్గదు.

ఇన్సూరెన్స్ ఉంటే కోతలు కూడా తెలుసుకోవాలి. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం, ఫైబర్‌కు 30 శాతం కోస్తారు. అద్దాలకు కోత లేదు. లోహ భాగాలకు వయసును బట్టి కోత: 6 నెలల వరకు ఏమీ లేదు, ఏడాదికి 5, రెండేళ్ళకు 10, మూడేళ్ళకు 15, నాలుగేళ్ళకు 25, అయిదేళ్ళకు 35, పదేళ్ళ వరకు 40, ఆపైన 50 శాతం. తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ కవరు ఉంటే ఇవి చాలావరకు తప్పుతాయి.

బాగుచేత ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి పూర్తిగా పోయినట్టు లెక్క, దాన్నే టోటల్ లాస్ అంటారు. ఈ 75 దగ్గరే చాలా గొడవలు వస్తాయి. పాలసీలో ఈ లెక్క దగ్గర 'షరతులకు లోబడి' అన్న మాట ఉంటుంది కాబట్టి, తరుగు కోయకముందు బిల్లునా, కోసిన తర్వాత అంకెనా పోల్చుతున్నది అని సర్వేయర్‌ను నేరుగా అడిగి, జవాబును మెయిల్‌లో తీసుకోండి.

మూడో అంకె: ముక్కలుగా

ముందు దెబ్బ తిన్న కారులో వెనక సగం మొత్తం అమ్ముడుపోతుంది. వెనక డోర్లు, డిక్కీ, వెనక లైట్లు, బంపరు, వెనక యాక్సిల్. వెనక నుంచి లారీ గుద్దితే ఇంజన్, గేర్‌బాక్స్, ముందు లైట్లు, ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్, స్టార్టర్ మిగులుతాయి. ఈ రెండో రకం బండే ముక్కల లెక్కలో ఎక్కువ పలుకుతుంది. ఏ భాగం ఎంతకు పోతుందో తెలియాలంటే పాత స్పేర్లు అమ్మేవాళ్ళను కొనేవాడిలా అడగండి. ఆ ధరలో సగానికే వాళ్ళు మన దగ్గర తీసుకుంటారు. అనంతపురం వాళ్ళు బెంగళూరు శివాజీనగర్‌లో, కడప వాళ్ళు చెన్నై పుదుపేటలో ధరలు విచారిస్తే ఇక్కడి అంగళ్ళలో చెప్పేది సబబా కాదా తెలిసిపోతుంది.

బాగా తిరిగే మోడల్‌కు భాగాలు త్వరగా పోతాయి. అరుదైన మోడల్ భాగాలు ఏడాది షెడ్డులో పడుంటాయి. అందుకని జాబితా మొత్తంలో 60 శాతమే చేతికి వస్తుందని లెక్కేయండి. మిగిలిన అస్థిపంజరాన్ని తూకానికి వేయండి. వెయ్యి కిలోల కారులోంచి అమ్ముడుపోయేవన్నీ తీసేశాక సుమారు 400 నుంచి 500 కిలోల ఇనుము మిగులుతుంది. ఆ రోజు రేటు రెండు అంగళ్ళలో అడగండి, వేబ్రిడ్జి స్లిప్పు మీద అమ్మండి. పొగ గొట్టంలో ఉండే, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఇనుము తూకంలో కలిపేయనివ్వకండి. అందులో ప్లాటినం, పల్లాడియం జాతి లోహాలు ఉంటాయి, దానికి వేరే ధర ఉంది. ఇంజన్‌ను విడిగా అమ్మితే చాసిస్, ఇంజన్ నంబర్లతో రసీదు రాయించుకోండి. దాన్ని ఇంకో బండికి బిగించేవాడు ఆర్సీలో నమోదు చేయించుకోవాలి.

లెక్క వేసి చూద్దాం

ఈ అంకెలు పద్ధతి అర్థం కావడానికే. అయిదేళ్ళు దాటిన పెట్రోల్ చిన్న కారు అనుకోండి. యాక్సిడెంట్‌కు ముందు బజారు ధర 4,20,000. ఐడీవీ 3,80,000. ముందు ఎడమ వైపు దెబ్బ, ఆప్రాన్, లాంగ్ మెంబర్ వంగాయి, రెండు ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. ఇంజన్ బాగుంది.

సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్: భాగాలు 2,10,000, కూలి, పెయింటు 62,000, మొత్తం 2,72,000. ఐడీవీలో 75 శాతం అంటే 2,85,000. కాబట్టి విప్పకముందు ఈ బండి బాగుచేత కిందికే వస్తుంది. విప్పాక 15 శాతం పెరిగితే 3,12,800, అంటే టోటల్ లాస్. విప్పి చూసిన రెండో ఎస్టిమేట్‌ను సర్వేయర్ ముందు పెట్టమని ఎందుకు అడగాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పుడు ఇదే బండికి ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే ఇచ్చేది) ఒక్కటే ఉంది, అమ్మాలి అనుకుందాం. బాగు చేశాక కూడా యాక్సిడెంట్ బండి అన్న పేరుతో 20 శాతం తగ్గుతుంది, 3,36,000కు పోతుంది. బయటి షెడ్డులో కొన్ని పాత భాగాలతో బాగుచేత 1,75,000. దాచిన దెబ్బలకు 20 శాతం, 35,000. క్రేన్, కాగితాలు, కొత్త పాలసీ 15,000. కొనేవాడి లాభం 35,000. ఈ నాలుగూ కలిపి 2,60,000. తీసేస్తే మిగిలేది 76,000. బాగుచేసి అమ్ముకునే మనిషి ఇవ్వగలిగింది అంతే.

విప్పి అమ్మే దారిలో ఇంజన్, గేర్‌బాక్స్ 45,000, వెనక డోర్లు, డిక్కీ, లైట్లు వగైరా 30,000, చక్రాలు, టైర్లు 12,000, కంప్రెసర్, ఆల్టర్నేటర్, బ్యాటరీ 14,000, సీట్లు 8,000. జాబితా 1,09,000, దానిలో 60 శాతం 65,400. తూకం 450 కిలోలు, కిలో 28 చొప్పున 12,600. మొత్తం 78,000. విప్పే కూలి 6,000, స్థలం 4,000, అంగడివాడి లాభం 15,000 పోతే 53,000.

రెండింటిలో ఏది పెద్దదో అదే బండి ధర. ఇక్కడ 53,000 దిగకూడని గీత, 76,000 పై హద్దు. ముప్పై వేలంటున్న బ్రోకర్‌కు ఈ కాగితం చూపించక్కర్లేదు, మీ దగ్గర ఉంటే చాలు.

శిథిలం విలువ దగ్గర జరిగే నష్టం

టోటల్ లాస్ తేలాక కంపెనీ రెండు దారులు చూపిస్తుంది. బండిని వాళ్ళకే వదిలేసి ఐడీవీలోంచి తప్పనిసరి కోత మినహా మిగతాది తీసుకోవడం ఒకటి. 1500 సీసీ వరకు కారుకు ఆ కోత 1,000, ఆపైన 2,000. బండి మీరే ఉంచుకుని, శిథిలం విలువ తీసేసిన సొమ్ము తీసుకోవడం ఇంకోటి.

రెండో దారిలో శిథిలానికి ఎక్కువ ధర కడితే ఆ మేరకు మీకు నష్టం. పై బండికే 1,20,000 కట్టారనుకోండి. మీకు వచ్చేది 2,59,000. బయట అమ్మితే 76,000. మొత్తం 3,35,000. మొదటి దారిలో 3,79,000 వచ్చేది. 44,000 పోయినట్టు. కాబట్టి శిథిలం విలువ చెప్పగానే, ఆ ధర ఇస్తానన్న కొనుగోలుదారు కొటేషన్ కాపీ అడగండి. మీ చేతిలో తక్కువ కొటేషన్లే ఉంటే, ఆ ఎక్కువ ధర ఇస్తానన్న మనిషికే బండి అప్పగించి డబ్బు మీ ఖాతాలో వేయించమని రాతపూర్వకంగా కోరండి. న్యాయమైన కోరిక అది. తేలకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, ఆ తర్వాత హైదరాబాదులోని, ఇలాంటి తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

కాగితాలు లేకపోతే ఇనుము ధరే

ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే కంపెనీ చెక్కు ముందు ఫైనాన్స్ వాళ్ళకు పోతుంది. బాకీ ఐడీవీకన్నా ఎక్కువుంటే మీరే ఇంకా కట్టాలి. అందుకని బాకీ లెటర్ మొదటి వారంలోనే తెచ్చుకోండి. చలాన్లు, బ్లాక్‌లిస్ట్ ఉందేమో రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో చూడండి. కొనేవాడు చూసి తగ్గించేది వీటికే.

మళ్ళీ రోడ్డెక్కని బండి సంగతి 14 రోజుల్లో రిజిస్టర్ చేసిన ఆఫీసుకు తెలియజేసి ఆర్సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. తుక్కుగా పోయే బండికి ఇది చేయకుండా ఆర్సీ ఇచ్చేయడం చాలా ప్రమాదం. కొందరు శిథిలాన్ని కొనేది ఇనుము కోసం కాదు, ఆర్సీ, చాసిస్ నంబరు కోసం. ఆ నంబరు ముక్కను కోసి దొంగ బండికి అతికిస్తారు. ఆర్సీతో సహా ఇస్తే ఇరవై వేలు ఎక్కువిస్తామన్న బేరం వస్తే ఆ ఇరవై వేలు దేనికో అర్థం చేసుకోండి. రిజిస్టర్ అయిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ వస్తుంది, కొత్త బండి కొన్నప్పుడు పన్ను రాయితీకి అది పనికొస్తుంది. ఆ రాయితీ సొంత బండికి 25 శాతం వరకు, రవాణా బండికి 15 శాతం వరకు.

బాగుచేసుకునే మనిషికి అమ్మితే పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి ఊరుకోకండి. పేరు మారేవరకూ ఓనరు మీరే. ఆ బండి ఇంకొకరిని గుద్దితే పరిహారం రిజిస్టర్డ్ ఓనరు మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి అప్పగించిన తేదీ, సమయం, బండి స్థితి, ధర, ఆధార్ కాపీతో డెలివరీ రసీదు రాయించుకోండి. కొంత సొమ్ము పేరు మారాకే అన్న షరతు పెడితే పని త్వరగా అవుతుంది.

లారీ, ట్రాక్టర్, బైకు

లారీలో క్యాబిన్ నుజ్జయినా చాసిస్ తిన్నగా ఉంటే ధర నిలుస్తుంది. యర్రగుంట్ల సిమెంటు, బేతంచెర్ల బండలు మోసే లారీల చాసిస్ మీద పాత వెల్డింగులు, అదనపు ప్లేట్లు ఉంటాయి. అవి ఇప్పటి దెబ్బవా, పాతవా విడదీసి చూడాలి. పది టైర్ల బండికి టైర్ల లెక్కే వేరేగా వేయండి. ఒక్కొక్క టైరు గాడి లోతు కొలిచి ధర కట్టండి. కొత్త టైర్లున్న శిథిలానికీ అరిగినవున్నదానికీ పెద్ద తేడా వస్తుంది. హౌసింగ్ (వెనక యాక్సిల్ పెట్టె), గేర్‌బాక్స్, కమాన్ కట్టలు (సస్పెన్షన్ పట్టీలు) బాగుంటే ముక్కల లెక్కే గెలుస్తుంది. పర్మిట్, ఫిట్‌నెస్ గడువు కూడా ధరలో కలుస్తాయి.

ట్రాక్టర్ బోర్లా పడితే స్టీరింగ్, బానెట్, మడ్‌గార్డులు పోతాయి. అది చూసి భయపడి తక్కువకు ఇవ్వకండి. చూడాల్సింది ఇంజన్ బ్లాకుకూ గేర్‌బాక్సుకూ మధ్య కలిసే చోట పగులు ఉందా అన్నది. ఆ కాస్టింగే ట్రాక్టర్‌కు వెన్నెముక. పగులు లేకపోతే బాగుచేత లాభమే.

బైకును వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉండాలి. ఫోర్క్ పైపులు వంగితే మారుస్తారు. స్టీరింగ్ హెడ్ దగ్గర చాసిస్ పెయింటు పగిలి ఉంటే ఫ్రేము పోయినట్టు, ఇక ఇంజన్ ధర, టైర్లు, తూకం. ఎలక్ట్రిక్ స్కూటర్‌కు బ్యాటరీ పెట్టె పగిలిందా, ఉబ్బిందా అన్నదే సగం లెక్క. కంపెనీ వాళ్ళు పరీక్షించి రాసిచ్చేదాకా దాన్ని చార్జింగ్ పెట్టకండి, ఇంట్లో ఉంచకండి. సీఎన్‌జీ ఆటో సిలిండర్‌కు మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. యాక్సిడెంట్ తర్వాత గడువు మిగిలి ఉన్నా మళ్ళీ టెస్ట్ చేయించాకే దానికి ధర వేయండి.